గురివింద తీగకు రాసిన రేకు

ఇవాళ పొద్దున తెల్లరంగు డబ్బా మూత తీయగానే టర్పెంటైన్ వాసన గుప్పుమంది. ఆ వాసనకు అందరూ ముఖం తిప్పుకుంటారు. నాకు మాత్రం మహబూబ్ చాచా పక్కకొచ్చి నిలబడినట్టుంటుంది. రేకు ముక్కల మీద మొక్కల పేర్లు రాయడం నా పని. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ అవతల, పత్తి చేల మధ్య ఉన్న మా తోటలో గులాబీలు, క్రోటన్లు కనిపించవు. ఈ నేలలో ఎవరూ నాటకుండా మొలిచేవే ఉంటాయి. తుమ్మి, ఉత్తరేణి, తంగేడు, మోదుగ. ఆదివారాలు జనం వస్తారు. వాళ్లను తిప్పి చూపించడం, కూరాకులు గుర్తుపట్టడం నేర్పించడం అప్పట్లో చాచా పని.

ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు మాలీగా చేసి వచ్చాడు. "ముప్పై ఏండ్లు గడ్డి కోసిన బేటా. దీని పేరేందని ఒక్క సాబ్ అడగలే" అనేవాడు. చదువు రాదు. కానీ మోకాలెత్తు మొక్క ముందు గొంతుక్కూర్చుని మాట్లాడటం మొదలుపెడితే, ఫోన్లు చూసుకునే కుర్రాళ్లు కూడా వంగి వినేవాళ్లు. ముందు పేరు చెప్పేవాడు కాదు. ఆకు నలిపి వాసన చూడమనేవాడు, కొన్నింటిని నమలమనేవాడు. ఎవరైనా పేరు కోసం తొందరపెడితే నవ్వేవాడు. "షాదీల నూరుమందిని కలుస్తరు. పేర్లు యాదికుంటయా? ముందుగాల మొకం సూడుండ్రి. పేరు ఎనకనుంచి అదే వస్తది."

నేను ఆ గుంపు చివర నోటుబుక్కు పట్టుకుని నడిచేదాన్ని. మొక్కల గురించి దొరికిన పుస్తకమల్లా చదివి ఉన్నాను. కానీ నలుగురి ముందు నోరు విప్పాలంటే నాలుక పిడచగట్టుకుపోయేది. చెప్పాలనుకున్నవన్నీ ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని. "ఏంది బేటా, నీకంటె ఆ తంగేడే నయం. గాలొస్తెనన్న ఊగుతది" అని చాచా ఆటపట్టిస్తే తలొంచుకుని నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ వానాకాలంలో గురివింద తీగ కంచెకు అల్లుకుంది. అప్పటికి ఉన్నవి ఆకులే. చదివిందీ, చాచా పెడితే నేనే నమిలి చూసిందీ కలిపి ఒక రేకు మీద రాశాను: "గురివింద. పాకే తీగ. ఆకులు నమిలితే తియ్యగా ఉంటాయి." చాచా చూసి, "అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయి" అని మెచ్చుకుని తన చేత్తోనే పాతాడు. అందులో ఏముందని ఆయన అడగలేదు. అడగడం ఆయనకు నామోషీ. చదివి వినిపించడం నాకు సిగ్గు.

చలికాలంలో చిట్కుల్ నుంచి ఒక బడి పిల్లలు వచ్చారు. అప్పటికి గురివింద కాయలు ఎండి పగిలి, ఎర్రటి గింజలు నల్లచుక్కలతో బయటికి చూస్తున్నాయి. వాటిలో విషం ఉంటుందని నాకు తెలుసు. రేకు మాత్రం వానాకాలంలో రాసినట్టే ఉంది. బిహార్ నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు పింకీ, తెలుగు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న పిల్ల, ఆ రేకు ముందు ఆగి వేలు పెట్టి గట్టిగా చదివింది. "తి... య్య... గా." ఆకుల కంటే మెరిసే గింజలే తియ్యగా ఉంటాయని ఎనిమిదేళ్ల పిల్ల అనుకోవడంలో వింతేముంది? నేను తిరిగి చూసేసరికి ఆమె గుప్పిట్లో గింజలున్నాయి, నోరు కదులుతోంది.

"చాచా!" అని అరిచాను. ఆయన పరుగెత్తుకొచ్చి పిల్ల నోట్లో వేలు పెట్టి వెతికాడు. ఏమీ దొరకలేదు. పింకీనీ, వాళ్ల టీచర్‌నీ ఎక్కించుకుని తోట జీపులో సంగారెడ్డి ఆసుపత్రికి బయల్దేరాం.

అక్కడ డాక్టరమ్మ అడిగింది. "ఎన్ని తిన్నది? నమిలిందా, మింగిందా? అది తెల్వాలె." పింకీ నోరు బిగించుకుని వణుకుతోంది. రాజమణి టీచర్ కంగారంతా చాచా మీదికి మళ్లింది. "వచ్చినోళ్లకు ఆకులు తినిపించుడే గద నీ పని! నువ్వే తినమన్నవా ఏంది?"

చాచా నావైపు తిరిగాడు. "బేటా, నీ బ్యాగుల రేకు పెట్టినవ్ గద. తియ్యి. జెర గట్టిగ సదువు."

తీశాను. చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చివరి మాట అయ్యాక, "ఇది రాసింది నేనే. గింజల సంగతి రాయలేదు. తప్పు నాది, పింకీది కాదు" అన్నాను.

"సదివియ్యమని అడగంది నా తప్పు" అన్నాడు చాచా.

పింకీ మొదటిసారి తలెత్తింది. "కొట్టరా?" అంది. కొట్టరని టీచర్ దగ్గరికి తీసుకుంది. "ఒక్కటే... గట్టిగ ఉండె. దాంత్... పంటికి పగల్లే. మింగేసిన" అంది పింకీ.

డాక్టరమ్మ ఊపిరి వదిలింది. "పెంకు పగలకుంటె గండం గడిచినట్టే. అయినా ఇక్కడ్నే ఉంచి సూద్దాం."

మూడో రోజు రాజమణి టీచర్ ఫోన్ చేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "వచ్చిందమ్మా! గింజ బయటికొచ్చింది! సాబుత్‌గ ఉన్నది, పగల్లే!" ఒక పిల్ల దొడ్డికి పోయిందన్న కబురు మనుషులను అంతగా సంతోషపెట్టగలదని నాకు అంతకుముందు తెలియదు. చాచా అక్కడే తువ్వాల పరిచి నమాజు చేసుకున్నాడు. నేను బోరు పంపు గట్టు మీద కూర్చుని కరువుతీరా ఏడ్చాను.

తర్వాత చాచా ఒక పద్ధతి పెట్టాడు. "చెట్టు నిలవడ్డట్టే కనవడ్తది గనీ నెలకో తీరుంటది. నీ రేకు గూడ దాంతోని మారాలె" అన్నాడు. కాలం మారినప్పుడల్లా రేకులన్నీ తిరగరాయాలి. పాతే ముందు ప్రతిదీ ఆయనకు చదివి వినిపించాలి. కళ్లు మూసుకుని వినేవాడు. అయ్యాక ఒక్కటే అడిగేవాడు. "ఇంకేం రాయలే?" మొదట్లో ఆ ప్రశ్నకు చిరాకేసేది. కానీ అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి దొరికేది. ముల్లో, దురదో, పసరో. అలా రేకు తర్వాత రేకు చదువుతూ చదువుతూ నా గొంతు విచ్చుకుంది.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి పింకీ సంగతి డైరీలో నాలుగు పేజీలు రాసుకున్నాను. జీపు, డాక్టరమ్మ, టీచర్ ఫోన్, అన్నీ ఉన్నాయి. మూసేయబోతుంటే ఆ ప్రశ్న గుర్తొచ్చింది. అప్పుడు ఇంకో వాక్యం రాశాను. 'పిల్ల గుప్పిట్లో గింజలు చూసినప్పుడు నేను మొదట చేసిన పని, ఆ రేకు పీకి బ్యాగులో దాచుకోవడం. చాచాను పిలిచింది ఆ తర్వాతే.'

మర్నాడు ఆయనకు చదివి వినిపించాను. చాచా చాలాసేపు మట్టి గెలుకుతూ కూర్చున్నాడు. "నేను సూసిన బేటా" అన్నాడు చివరికి.

మోకాళ్లు సహకరించక ఆయన ఇప్పుడు జహీరాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆదివారం నడకలు నేనే నడిపిస్తున్నాను. మొదటి పది నిమిషాలు ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. గురివింద దగ్గర ఆగి ఈ కథంతా చెప్తాను, రేకు దాచిన సంగతితో సహా. తర్వాత ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "ఆ పిల్ల?"

"బాగుంది. ఆరో తరగతి చదువుతోంది" అంటాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు ఎన్నడూ వణకలేదు.