మారెక్క బావి తవ్వించిన తీరు

మారెక్క మొగుడు ఓబుళేసు ఎవరినీ నమ్మడు. తన పెళ్లికి పలకలు వాయించినవాళ్లు రెండు దెబ్బలు తక్కువ వేశారని ఇప్పటికీ తిడతాడు. అలాంటివాడికి గవర్నమెంటు దగ్గర డబ్బుల్లేవని చెబితే ఏం నమ్ముతాడు?

అరవై ఆరులో జరిగిందిది. బెళుగుప్ప పక్కన ఓ పల్లె, ఆ పల్లె చివర కూలోళ్ల గుడిసెలుండే గేరి. అక్కడ కరువు పని కింద మంచినీళ్ల బావి తవ్విస్తూ తవ్విస్తూ, తేమ తగులుతుండగా ఓవర్సీరు వచ్చి ఆపేశాడు.

"రాష్ట్రం లోటులో పడిందయ్యా. మిల్లులు మూతపడి పన్నులు రావడం లేదు. కరువని భూమిశిస్తు మాఫీ చేశారు. సగంలో ఉన్న పనులన్నీ ఆపమని హైదరాబాదు నుంచి ఉత్తర్వు."

"శిస్తు మాఫీ ఎవురికి సార్?" అంది మారెక్క. "భూమి ఉండేటోళ్లకి. మాకు సెంటు భూమి ల్యా. మాఫీ వాళ్లకి, కోత మా బావికా?"

ఓవర్సీరు సైకిలెక్కాడు.

"దుడ్లు అచ్చేసేదే గవర్నమెంటు," అన్నాడు ఓబుళేసు. "దానికే దుడ్లు లేవంట! ఇందులో ఏందో మతలబు ఉండాది."

మతలబు సంగతి మారెక్కకు అక్కర్లేదు. వంక ఇసుకలో తీసుకున్న నీటి చెలమలు ఎండుతున్నాయి. బావిలో నీళ్లు పడకపోతే ఉగాదికల్లా గేరి మొత్తం మూటలు కట్టి బళ్లారి దారి పట్టాలి. యాభై రెండు కరువులో అలాగే పోయారు. తిరిగొచ్చేటప్పుడు మారెక్క చంకలో బిడ్డ లేదు.

సాయంత్రం మగవాళ్లందరినీ అడిగింది. "ఇంకో మనిషి లోతు తవ్వితే సాలు. మన బావి మనమే తవ్వుకుందాం రాండప్పా."

"ఊరికే తవ్వితే ఆ ఓవర్సీరు మన పేర్ల మీద కూలి రాసుకుని తింటాడు వదినా," అన్నాడు మరిది లింగన్న. "మనం చెమటోడిస్తే వానికి మిద్దె లేస్తాది."

"అంతే, అంతే," అన్నాడు ఓబుళేసు.

మర్నాడు పొద్దున మొగుడికి సంగటి ముద్ద పెడుతూ మారెక్క గొంతు తగ్గించింది. "మొన్న జీపులో వచ్చినోళ్లు ఉండారే, బావి అడుగు మట్టి తుండుగుడ్డలో కట్టుకొని పోయినారు. నేను కండ్లారా సూసినా. ఎవురికీ సెప్పొద్దు."

జీపు వచ్చిన మాట నిజమే. వజ్రకరూరుకు దారి అడిగి పోయారు, అంతే.

ఓబుళేసు చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "నేను సెప్పలా! దుడ్లు లేకపోవడం అంతా బూటకం. వజ్రం తగిలింటాది. మనల్ని ఆపి, వాళ్లు తవ్వుకోవాలని చూస్తాండారు!"

ఎవురికీ సెప్పొద్దన్న మాట ముద్ద చల్లారకముందే గేరంతా పాకింది. తొలకరి పడితే చాలు, వజ్రకరూరు చేలల్లో వజ్రాలేరడానికి పరిగెత్తే జనం. వాళ్లకు వేరే సాక్ష్యం ఎందుకు? గడ్డపారలు, తట్టలు, మోకులు వచ్చాయి. ముందురోజు సాయంత్రం చెమట ఖరీదు లెక్కగట్టిన లింగన్న అందరికంటే ముందు దిగాడు. పైకొచ్చిన ప్రతి తట్టనూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ వేళ్లతో కెలికారు. లింగన్న నోరు కడుక్కోబోతే, ఏం మింగినావో చూపించమని నోరు తెరిపించారు.

మూడో రోజు మధ్యాహ్నం బావిలోంచి బూతులు వినిపించాయి.

"ఏమైందప్పా?" అని మారెక్క వంగి చూసింది.

"నీళ్లు పడినాయి, దరిద్రం! అడుగు కనపడకుండా పోతాండాది. డబ్బాలు దించండి, తోడాల!"

మారెక్క వెనక్కి తిరిగి ఆడవాళ్లకు సైగ చేసింది. వాళ్లు కడవలు తెచ్చి వరసలో పెట్టారు. కిరసనాయిలు డబ్బాల నిండా ఎర్రటి బురదనీళ్లు పైకొచ్చాయి. పొద్దు వాలేసరికి నీళ్లు తేటబడ్డాయి. మగవాళ్లు తోడినకొద్దీ ఊరుతూనే ఉన్నాయి.

"మారీ!" లోపలినుంచి ఓబుళేసు రొప్పుతూ అరిచాడు. "ఇది కూడా వాళ్ల పనేమే! వజ్రం మనకు దొరకకుండా నీళ్లు వదిలినారు!"

"ఔనప్పా, గవర్నమెంటు శానా కిలాడీది," అని చెప్పి మారెక్క నిండిన కడవ పక్కకు జరిపి, ఖాళీది ముందుకు లాక్కుంది. "ఆపొద్దు. తోడు."