తెరుచుకోని కత్తి

దయ్యాల కథలు చెప్పేవాళ్లని డిగ్రీ హాస్టల్లో అందరికంటే ఎక్కువ ఏడిపించింది నేనే. నిజామాబాద్‌లో బీఎస్సీ చదివాను. ఏ గదిలో చప్పుడైందన్నా ఎలుకో, కిటికీ రెక్కో చూపించేదాకా ఊరుకునేదాన్ని కాదు. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాస్తున్నానంటే దానికి కారణం మా ఆయన. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ ఈ సంగతి చెబుతాడు, చెప్పినప్పుడల్లా ఒక కొత్త ముక్క కలుపుతాడు. మొన్న ఎవరికో చెబుతుంటే అందులోకి తెల్లచీర కట్టుకున్న ఆవిడ కూడా వచ్చింది. అలాంటి ఆవిడ ఎవరూ లేరు. అందుకే పిల్లలు పడుకున్నాక కూర్చుని, జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

తొంభైల మొదట్లో మాట. ఆర్మూర్‌లో మార్కెట్ యార్డు వెనక వీధిలో అద్దెకుండేవాళ్లం. ఆయన అంకాపూర్ బడిలో టీచరు. పసుపు వచ్చే రోజుల్లో ఆరేసిన బట్టలన్నీ పచ్చబడేవి. దానికైనా అలవాటు పడ్డాను గానీ ఆయన కత్తులకు పడలేదు.

పాత మడత కత్తులు పోగుచేయడం ఆయన పిచ్చి. అన్నీ ఒకటే రకం. కొమ్ము పిడి, దానికి రెండు పక్కలా ఇత్తడి రేకు, కొసన మొలతాడుకు కట్టుకోవడానికి చిన్న కడియం. వెనకటి రైతులు వేపపుల్ల కోయడానికి, బండి తాళ్లు తెంపడానికి అలాంటివే వాడేవారట. ఏ ఊరు పోయినా ముసలివాళ్ల మొలతాళ్ల వైపు చూసేవాడు. కొత్త చాకు ఇచ్చి పాతది తెచ్చుకునేవాడు. ఇంటికి తెచ్చి కిరోసిన్‌తో తుడిచి, నూనె పెట్టి, గూట్లో వరసగా పేర్చేవాడు. పెళ్లికి ముందు సరే. పాప పుట్టాక నాకు నిద్ర పట్టేది కాదు. గూడు ఎత్తులోనే ఉందిగా అనేవాడు. పిల్లలు పెరుగుతారన్న సంగతి ఈ మనిషికి తెలుసా అనిపించేది.

"గవన్ని అల్మారిల పెట్టి తాళం ఎయ్యుండ్రి" అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

"గాలి తగలకుంటే తుప్పు పడ్తయి సునీతా" అనేవాడు, పిల్లకు ఊపిరాడదన్నట్టు.

ఆ కత్తుల్లో ఒకటి మోర్తాడ్ దగ్గర ఒక ముసలాయన ఇచ్చింది. ఆయన కొడుకు దుబాయిలో ఉంటాడు. ఆ కత్తి తెరుచుకోదు. మా ఆయన రోజుల తరబడి నూనెలో నానబెట్టాడు, పటకారుతో లాగాడు, చివరికి కమ్మరి దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంకా లాగితే విరిగిపోతుందని కమ్మరి తిప్పి పంపాడు. పిడి మీద నగిషీ బాగుందని అలాగే ఉంచుకున్నాడు.

మా వైపు గాలీ ధూళీ సోకకుండా పసిపిల్లల పక్కబట్టల కింద ఇనుము పెడతారు. పిల్లకు నడక వచ్చేదాకా తీయరు. మా అత్తమ్మ పురుడు నాటి నుంచే కొడవలి ముక్క ఒకటి పెట్టింది. పాప బోర్లా పడ్డప్పుడు దాన్ని నేను తీసి బయట పారేశాను. పెద్ద గొడవైంది. మూడు రోజులు నాతో మాట్లాడకుండా, నాకు చెప్పాల్సినవన్నీ పాపకు చెప్పింది. తర్వాత తనే ఒక ఉపాయం ఆలోచించి, గూట్లోంచి ఆ తెరుచుకోని కత్తి తీసి ఉయ్యాలలో బొంత కింద పెట్టింది.

"గిదేం కోస్తది? నా కొడుకు లెక్క నోరే తెర్వది" అంది.

నాకూ నవ్వొచ్చింది. ఉండనివ్వమన్నాను. ఇంట్లో ఉన్న వాటిలో ప్రమాదం లేనిది అదొక్కటే.

కొన్నాళ్లకు ఒక పొద్దున బొంత దులుపుతుంటే కత్తి బయటపడింది. తెరుచుకుని ఉంది. అలుగు నల్లగా, అంచు మాత్రం తళతళలాడుతూ. నా పిల్ల దాని మీద పడుకుని లేచింది.

నేను ఏమన్నానో రాయను. ఎట్లాగో తెరిచి, అది చెప్పకుండా అక్కడే పెట్టాడని ఆయన మీద అరిచాను. ఆయన అత్తమ్మను అడిగాడు. అత్తమ్మ నన్ను చూసింది.

"సదువుకున్నదానివి, నీకే ఎరుక ఉండాలె. ఇనుము తీపియ్యనీకి గిట్ల చేసినవా ఏంది?" అంది.

ముగ్గురం ఒకరినొకరు దొంగల్లా చూసుకున్నాం. మా ఆయన మాత్రం ఎవరు తెరిచారన్నది వదిలేసి, స్ప్రింగు ఎంత బాగుందో చూడమని నా ముందు పెట్టాడు. మూయడానికి బొటనవేలితో నొక్కాడు, సులువుగా మూసుకుంది. మళ్లీ తెరవబోతే రాలేదు. పటకారు తెచ్చాడు. రాలేదు. అప్పటికీ నాకు వాళ్లిద్దరి మీదే అనుమానం.

ఆ రోజే కత్తులన్నీ అల్మారాలో వేసి తాళం పెట్టి, తాళం చెవి కొంగున ముడేసుకున్నాను. అత్తమ్మ నసిగింది. పిల్ల దగ్గర ఇనుము లేదంటే, ఉయ్యాల కొక్కెం ఇనుముదే కదా అన్నాను. మాట తప్పించుకోవడానికి అన్నదే అయినా ఆమె తలెత్తి కొక్కేన్ని చూసి ఒప్పుకుంది.

తర్వాత వారం కూడా కాలేదు. మధ్యాహ్నం. ఆయన బడికి పోయాడు. అత్తమ్మ బీడీలు చుట్టేవాళ్లతో ముచ్చట పెట్టడానికి పక్కింటికి పోయింది. వీధి తలుపుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టి, పాపను ఉయ్యాలలో పడుకోబెట్టి, పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. పెరటికి ఎత్తు గోడ, వేరే దారి లేదు. ఉయ్యాల మీద చెక్క చిలకలు కట్టిన ఎర్ర నైలాన్ తాడు ఒకటి వేలాడేది. అది అందుకోవాలని పాప చేతులు చాపుతుంటే చూసి మురిసిపోయేవాళ్లం.

పాప ఒక్కసారిగా ఏడ్చింది. ఆకలి ఏడుపు కాదు. సబ్బు చేతులతోనే పరుగెత్తాను.

ఉయ్యాలలో కూర్చుని ఉంది. ఇంకా సరిగ్గా కూర్చోవడం రాని పిల్ల. ఎర్ర తాడు మెడకు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. దాని కొస భుజం మీద వేలాడుతోంది. మిగతా తాడు పైన కొక్కేనికి ఉంది. తెగిన చోట పీచు లేవలేదు, పోగులు సాగలేదు. నున్నగా కోసినట్టు ఉంది. మెడ చుట్టూ ఎర్రటి వాత. ముఖం అప్పుడప్పుడే మామూలు రంగుకు వస్తోంది.

మెడ చుట్టూ ఉన్న తాడు తీసేసి, ఎత్తుకుని వీధి తలుపు దగ్గరికి ఉరికాను. గొళ్లెం నేను పెట్టినట్టే ఉంది. అవతల అత్తమ్మ ఏడుపు విని తలుపు బాదుతోంది.

దవాఖానలో డాక్టరు పాప మెడ చూశాడు, కళ్లు చూశాడు, తాడు ముక్క అడిగి అదీ చూశాడు.

"ఇంకొంచెం సేపైతే కష్టమైతుండె. టైముకు కోసిండ్రు. ఎవరు కోసిండ్రు?" అన్నాడు.

అత్తమ్మ నా వైపు చూసింది. నేను అత్తమ్మ వైపు చూశాను. డాక్టరు చీటీ రాసి ఇచ్చాడు.

సాయంత్రం మా ఆయన వచ్చాక, నా కొంగు ముడి విప్పి నేనే అల్మారా తెరిచాను. మిగతావన్నీ మూసి ఉన్నాయి. అదొక్కటి తెరుచుకుని ఉంది. అలుగు అంచుకు ఎర్రటి నైలాన్ పోగు ఒకటి అంటుకుని ఉంది. ఇది ముగ్గురం చూశాం. పోగు ఒక్కటే. మా ఆయన ఇప్పుడు గుప్పెడు అని చెబుతున్నాడు.

ఆ తర్వాత ఆదివారం మోర్తాడ్ వైపు ఆ ముసలాయన దగ్గరికి పోయాం. నాకు ఏదో ఒక కారణం కావాలి. ఆ ఇంట్లో ఎవరైనా చనిపోయారా, ఆ కత్తితో ఏమైనా జరిగిందా. మూయగానే మళ్లీ బిగుసుకుపోయిన ఆ కత్తి చేతిలో పెట్టగానే ముసలాయన ముఖం మాడ్చుకున్నాడు.

"తెర్సుకోదని గప్పుడే చెప్పిన గద సారూ. ఇప్పుడు వాపస్ తెస్తే ఎట్ల?"

"వాపస్ కాదు తాతా. ఇది ఎవరిది, ఎట్ల వచ్చింది, జర చెప్తే చాలు" అన్నాను.

"మా నాయినది. బండి తాళ్లు కోస్తుండె. తుప్పు పట్టింది. ఇంకేముంటది బిడ్డా దాంట్ల? నీ టార్చిలైటు మాత్రం వాపస్ ఇయ్యను" అన్నాడు. ఆ కత్తికి బదులుగా మా ఆయన ఇచ్చింది చాకు కాదు, టార్చి.

ఒక చావు లేదు, ఒక శాపం లేదు. బండి తాళ్లు. తిరుగు బస్సులో నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

అప్పటి నుంచి మా ఆయనకు ఆ కత్తంటే భయం. గోదావరిలో వేసి వస్తానన్నాడు. వద్దన్నాను. కత్తుల మీద అంత పోరినదాన్నీ నేనే, ఇప్పుడు దీన్ని పోనివ్వనిదాన్నీ నేనే. అల్మారాలోనే ఉంది. మూసింది మూసినట్టే ఉంది. కూతురు బడికి పోతోంది. తర్వాత బాబు పుట్టాడు. వాడి ఉయ్యాల మీద ఏ తాడూ కట్టనివ్వలేదు.

నేను చదివిన చదువుతో ఎన్ని విధాల ఆలోచించినా ఆ తాడు ఎలా తెగిందో నాకు తెలియలేదు. తెగకపోయి ఉంటే అన్న మాట దగ్గర ఆలోచన ఆగిపోతుంది. దేవుడని అత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది. తెల్లచీర ఆవిడని మా ఆయన ఒకరిని పుట్టించుకున్నాడు. వాళ్లకు ఎవరో ఒకరు దొరికారు. నా పిల్ల బతికినందుకు ఎవరికి దండం పెట్టాలో ఇన్నేళ్లయినా తెలియనిది నాకే.