మెల్లగా దిగే పెడల్

కారు ఎవరిదైనా, అతను ముందు బ్రేకు పెడల్ మీద కాలు పెట్టి కళ్లు మూసుకుంటాడు. నొక్కి వదలడు. నొక్కి ఉంచుతాడు. యజమాని ఏదో చెప్పబోతే ఎడమచెయ్యి ఎత్తుతాడు, నోరు ముయ్యమని.

తన మెకానిక్ షెడ్డుకు వచ్చేవాళ్లలో ఎవరి మీదా అతనికి మంచి అభిప్రాయం లేదు. పెడల్ స్పాంజిలా మెత్తబడితే గొట్టాల్లో గాలి చేరినట్టు. రాయిలా బిగుసుకుంటే ఇంజిన్ నుంచి, కాలికి బలం కలిపే బూస్టరుకు వెళ్లే గొట్టం చీలినట్టు. అతని కాలికి ఒక్క తొక్కుతో తెలిసేది వాళ్లకు ఆరు నెలలైనా తెలియదు.

"కారులో పాటలు ఆగిపోతే పరిగెత్తుకొస్తారు. బ్రేకు ఆగిపోతే అలవాటు చేసుకుంటారు" అంటాడు. వీధిలో అతన్ని ముళ్లకంప అంటారు.

ఆ సాయంత్రం వచ్చింది సొంత బావ. పక్క సీట్లో అక్క.

"సిగ్నల్ దగ్గర కాలు పెట్టి ఉంచితే పెడల్ మెల్లగా దిగుతోందిరా. రెండుసార్లు తొక్కితే మళ్లీ లేస్తోందిలే. కాస్త బ్రేకు ఆయిల్ పొయ్యి, చాలు. పొద్దున్నే అక్కతో కొండ దిగాలి."

"నీ కాలికి తెలిసింది నీ తలకెక్కలేదా బావా?"

"ఏడిశావులే. చూడు."

చూశాడు. డబ్బాలో ఆయిల్ తగ్గలేదు. చక్రాల దగ్గర తడి లేదు. ఇంజిన్ వేసి, పెడల్ నొక్కి పట్టుకున్నాడు. అరవై లెక్కపెట్టేలోగా అది అడుగుకు తాకింది. ఆయిల్ బయటికి పోవడం లేదు. ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలే రబ్బరు వాషర్లను దాటి వెనక్కి జారిపోతోంది.

ఆ వాషర్లు వేసింది తనే. ఆరు నెలల కింద. సిలిండర్ లోపలి గోడ మీద సన్నటి గీత ఒకటి అప్పుడే గోరుకు తగిలింది. గీత ఉంటే సిలిండర్ మొత్తం మార్చాలి. మార్చకపోతే ఆ గీత కొత్త రబ్బరునూ కోసేస్తుంది. ఆ రోజు బావ రైలుకు టైమవుతోందని నెత్తిన కూర్చున్నాడు. గీత మీదే కొత్త వాషర్లు తోసేశాడు. ఇంకెవడైనా ఆ పని చేసి ఉంటే ఏడాదిపాటు తిట్టేవాడు.

"సిలిండర్ మార్చాలి. రేపు మధ్యాహ్నానికి గానీ దొరకదు. బండి వదిలెయ్."

"నీకు ప్రతి బండీ శవమేరా!" బావ పకపకా నవ్వాడు.

అక్క కూడా నవ్వింది. "నువ్వే కదరా బాగుచేశావు. నీ చెయ్యి పడ్డాక ఇంక భయమేంటి?"

ఊరందరినీ కడిగేసేవాడు గీత సంగతి దాచి బానెట్ దించేశాడు. కారు కదిలింది. మలుపు దగ్గర ఎర్రదీపాలు రెండుసార్లు వెలిగాయి. బావ తొక్కుతున్నాడు, పెడల్ లేపడానికి.

"థూ" అన్నాడు. బావని కాదు.

మర్నాడు తెల్లవారుతుండగా పానాల సంచితో అక్క ఇంటి ముందు నిలబడ్డాడు. బావ ఇంకా నిద్రలో ఉన్నాడు. అక్క కళ్లు నులుముకుంటూ తలుపు తీసింది.

"ఏంట్రా ఇంత పొద్దున్నే?"

"కారు తాళం ఇవ్వు."

బానెట్ ఎత్తి, గొట్టాలు విప్పి, సిలిండర్ ఊడదీశాడు. మెట్టు మీద కూర్చుని లోపలి పిస్టన్ బయటికి లాగాడు. ఖాళీ సిలిండర్‌ను గుడ్డతో శుభ్రంగా తుడిచి అక్క చేతికిచ్చాడు.

"చిటికెన వేలు పెట్టు. గోరుకు తగులుతోందా?"

"ఆ... ఏదో గీత."

"పోయినసారి నాకూ తగిలిందక్కా."