మూడు పాయింటు తొమ్మిదికి తెగిన బేరం

కరోనా తగ్గాక వచ్చిన మిర్చి సీజన్లో, మార్చి నెలలో, కంపెనీ నన్ను నందిగామకు వేసింది. హోదా రిలీజ్ మేనేజర్, అంటే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ల విడుదల చూసుకునేవాణ్ణి. చేతికింద జీతానికి పనిచేసేవాడు ఒక్కడూ లేడు, అంతా ఇష్టపడి వచ్చిన వాలంటీర్లే. కోల్డ్ స్టోరేజీల కోసం రాస్తున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. అంటే దాని కోడు అందరికీ కనబడుతుంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఉచితంగా ఇచ్చేదాని మీద కూడా బేరమాడతారని అక్కడే తెలిసింది. జగ్గయ్యపేట బజార్లో బట్టల కొట్లో పెరిగినవాణ్ణి, ముందే తెలిసుండాల్సింది.

ఆ సాఫ్ట్‌వేర్లో నాలుగు ముక్కలు: గేటు, తూకం, గదులు, బిల్లు. ఒక్కో ముక్కను మాడ్యూల్ అంటాం. దేని వెర్షన్ నంబరు దానిదే, దేని విడుదల దానిదే. పత్తి మిల్లు వాళ్ళకి తూకం ఒక్కటే కావాలి, గదులు మారినప్పుడల్లా వాళ్ళనెందుకు కదిలించడం? అయితే ఈ పద్ధతి నిలవాలంటే నంబరు నిజం చెప్పాలి. మరమ్మతు అయితే చివరి అంకె పెరుగుతుంది. కొత్త సదుపాయమైతే మధ్యది. మిగతా మాడ్యూళ్ళతో పొసగని మార్పయితే మొదటిది. గేటు మాడ్యూల్‌కి మేం రాసిపెట్టిన ఆదేశం కూడా అదే: గదుల మాడ్యూల్ మూడుతో మొదలైతే ఏదొచ్చినా తీసుకో, నాలుగైతే ఆగు.

ఆ నెల గదుల మాడ్యూల్లో ఒక మార్పొచ్చింది. బస్తాలు ఎక్కడున్నదీ అంతవరకూ గది, అంతస్తు, వరుస అనే క్రమంలో ఉండేది. హమాలీలు ముందు వరుస దగ్గరికి నడిచి, ఆ తర్వాత అంతస్తు ఎక్కుతారు. అందుకని గది, వరుస, అంతస్తు అని మార్చాం. ఆ వివరం చదివి బస్తాలకు బయటికెళ్ళే పాసిచ్చే గేటుకేమో ఇంకా పాత క్రమమే తెలుసు. కాబట్టి ఇది నాలుగు, అందులో చర్చ లేదు.

చర్చ పెట్టింది రత్నంగారు. నందిగామ శివార్లో ఆయనకో కోల్డ్ స్టోరేజీ ఉంది. "మార్పు మాకు కావాలండీ, హమాలీలు చంపుతున్నారు. కానీ నాలుగేంటి? మొన్ననేగా మూడు తీసుకుంది. మూడున్నర చేసుకోండి" అన్నారు ఫోన్లో.

"ఇది కందిపప్పు కాదు రత్నంగారూ" అన్నా.

"పోనీ మీ మాటా కాదు, నా మాటా కాదు. మూడు పాయింటు తొమ్మిది."

కొట్లోంచి లేచి వెళ్ళిపోతున్నట్టు నటించడం చిన్నప్పుడే అబ్బిన విద్య. "అయితే సీజనయ్యాకే తీసుకోండి" అని ఫోన్ పెట్టేశా. గెలిచానని టీ కూడా తాగా.

ఆయన పక్క కొట్టుకి వెళ్ళారు. ఆ పక్క కొట్టు కరీముల్లా. జగ్గయ్యపేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతూ, తీరికవేళ గదుల మాడ్యూల్ రాసేవాడు. దాన్ని విడుదల చేసే అధికారమూ అతనిదే. "ఒక్క పాయింటే గదా సార్ తేడా, పెద్దాయన అంతగా బతిమాలుతుంటే!" అన్నాడు తర్వాత. 3.9 అని పేరు పెట్టి వదిలేశాడు. నేను దిగకుండా పట్టుకు కూర్చున్న సరుకుని నా మనిషే తగ్గించి ఇచ్చేశాడు!

మూడుతో మొదలైంది గదా, గేటు మారుమాట్లాడకుండా తీసుకుంది. మర్నాడు పొద్దున చెవిటికల్లు రైతు సీతమ్మగారు, తన మిర్చి కొన్న వ్యాపారినీ అతని లారీనీ వెంటబెట్టుకుని రత్నంగారి కోల్డ్ స్టోరేజీకి వచ్చారు. ఆమె బస్తాలున్నది అయిదో వరుస, రెండో అంతస్తు. గేటు కంప్యూటరు దాన్ని అయిదో అంతస్తని చదివింది. అలాంటి అంతస్తే లేదు కాబట్టి పాసివ్వనంది. చేతిరాత పాసు మీద బస్తా బయటికి పంపకూడదని అక్కడి కట్టుబాటు. కబురంది నేను వెళ్ళేసరికి హమాలీ మేస్త్రి ఎదురొచ్చాడు. "ఉన్నవి నాలుగే సారూ. అయిదోది మీరు కట్టించండి, మేం ఎక్కుతాం." వ్యాపారి మధ్యాహ్నం దాకా చూస్తానన్నాడు, తర్వాత జగ్గయ్యపేటలో వేరేవాళ్ళ సరుకు ఎత్తుకుంటాడట.

రత్నంగారు నన్ను పక్కకి తీసుకెళ్ళారు. "అదే 3.9 పేరు మీద లోపలి సరుకు మార్చేయండి, ఎవరు చూస్తారు?" అన్నారు. మైలవరం కోల్డ్ స్టోరేజీ వాళ్ళు అప్పటికే 3.9 తీసుకుని ఉన్నారు. ఒకే నంబరు కింద రెండు సరుకులుంటే, రేపు ఎవరైనా 3.9 పాడైందని ఫోన్ చేసినప్పుడు ఏ 3.9 అని అడగాలి? బయటికెళ్ళిన నంబరును మళ్ళీ ముట్టుకోకూడదు. పాత 3.8లో ఉన్న కోడునే కొత్త నంబరుతో ముందుకు వదలాలి. కరీముల్లాకి ఫోన్ చేసి 3.10 విడుదల చేయించా.

తెర మీద ఆ నంబరు చూసి రత్నంగారు, దాన్ని తీసుకోవడానికి బటన్ నొక్కబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "మూడు తొంభై తీసేసి మూడు పది పెడతారా? నాసిరకం అంటగడుతున్నారేంటండీ!" ఇవి రూపాయలూ పైసలూ కావు, ఇక్కడ తొమ్మిది తర్వాత పది అని చెప్పా. ఆయన నమ్మలేదు. మా కొట్లో కూర్చుని ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

సీతమ్మగారికి ఓపిక పోయింది. "పెద్దదో చిన్నదో మీరిద్దరూ తర్వాత కొట్టుకు చావండన్నా! ఆ లారీ కదిలిందంటే నా కాయ మళ్ళీ నువ్వు కొంటావా? ముందు నొక్కు!"

రత్నంగారు నొక్కారు. పాసొచ్చింది. లారీ నిండి గేటు దాటేదాకా నేనక్కడే నిలబడ్డా.

సీజనయ్యాక, కొత్త క్రమం చదవగలిగే గేటు మాడ్యూల్‌తో కలిపి 4.0 వదిలాం. అప్పట్నుంచి మాలో ఇద్దరు ఒప్పుకుంటే తప్ప ఏ మాడ్యూలూ విడుదల కాలేదు. వాడేవాళ్ళకి నంబర్లు చూపించడం మానేసి, కలిపి పరీక్షించిన నాలుగు మాడ్యూళ్ళనీ 'మిర్చి సెట్టు' అని ఒక్క పేరుతో ఇచ్చాం. రత్నంగారు అందులో తూకం తీసేస్తే ఏమన్నా తగ్గుతుందా అని అడిగారు. ఉచితమేనండీ అని మళ్ళీ చెప్పా.

ధర తగ్గిస్తే నష్టం తగ్గించినవాడిది. వెర్షన్ నంబరు తగ్గిస్తే, నష్టం ఆ బేరంలో లేనివాళ్ళది. అందుకే అది బేరానికి పెట్టాల్సిన సరుకు కాదు.