రూతమ్మగారు తీసుకోని శాలువా

మొన్న చిత్తూరు కోర్టు వరండాలో నిలబడి ఉండగా ఉన్నట్టుండి వాన పట్టుకుంది. బస్టాండు వైపు నుంచి పరిగెత్తుకొచ్చిన ఒక వకీలమ్మాయి నా పక్కనే ఆగి, నల్లకోటు విప్పి దులిపింది. తడిసిన ఉన్ని వాసన గుప్పుమంది. నా కోటు తడిసినప్పుడు ఎన్నడూ పట్టించుకోని ఆ వాసన, పక్క మనిషి నుంచి వచ్చేసరికి నన్ను నలభై ఏళ్ళు వెనక్కి లాగింది. వానాకాలం పొద్దున పూట, పుత్తూరు బస్సులో, కిటికీ రెక్క సరిగా పడక భుజం తడుస్తూ కూర్చున్న రూతమ్మగారి పక్కన ఉన్నట్టే అయింది. ఆమె పోయి చాలా కాలమైంది. ఆమెను చూసినవాళ్ళు ఈ కోర్టులో ఇప్పుడు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల చివరలో నేను తిరుపతిలో లా పూర్తి చేశాను. మాది వైష్ణవ కుటుంబం. నాన్నగారు దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. నేను ఏదైనా బళ్ళో పంతులమ్మగా చేరాలని ఆయన కోరిక. నేను పట్టుబట్టి కోర్టు అన్నాను. చిత్తూరులో ఒక ఆడ వకీలు ఉన్నారని ఎవరో చెబితే, ఆమె ఎలాంటి మనిషో చూసి రావడానికి ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. గ్రీమ్స్‌పేటలో చిన్న పెంకుటిల్లు, ముందు గదే ఆఫీసు. రూతమ్మగారు అప్పటికి నలభై దాటిన మనిషి. పొట్టిగా, కాస్త బొద్దుగా, నుదురు విశాలంగా ఉండేవారు. వాళ్ళ నాయన మిషన్ ఆసుపత్రిలో తోటమాలిగా చేసి పోయాడట. ఆ విషయం ఆమె దాచలేదు, గొప్పగానూ చెప్పుకోలేదు.

"మా అమ్మాయికి ఏమి పని ఇస్తారమ్మా?" అని నాన్నగారు అడిగారు.

"వినే పని సామీ," అన్నారామె. "మొదటి ఏడాదంతా అదే. మాట్లాడేది ఆ తర్వాత నేర్చుకోవచ్చు."

తిరుపతి బస్సు ఎక్కేముందు నాన్నగారు, "ఆవిడ దగ్గర ఉండు. మంచి చోటే," అని నా తల నిమిరారు.

ఆ గదిలో నేను చూసిన మొదటి విషయం కుర్చీలు. మిగతా వకీళ్ళ ఇళ్ళల్లో కూలినాలి చేసుకునేవాళ్ళు గడప బయట నిలబడేవారు, లేదా మెట్ల మీద కూర్చునేవారు. రూతమ్మగారు ఎవరినీ నిలబెట్టి మాట్లాడేవారు కాదు. ఒకరోజు ఒక చీపుర్లమ్మే ముసలామె కుర్చీలో ఒద్దికగా కూర్చుని తన గోడు చెబుతుండగా, పంచె ఫెళఫెళలాడించుకుంటూ ఒక భూస్వామి వచ్చాడు. ఆమె లేస్తుందని ఎదురుగా నిలబడ్డాడు. ముసలామె లేవబోయింది. రూతమ్మగారు ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టి ఆపి, తల ఎత్తకుండానే, "ఆడ ఇంకో కుర్చీ ఉండాదప్పా, లాక్కోని కూసో. ఈమెది అయినాక నీదే," అన్నారు. ఆయన కూర్చున్నాడు. అంతే. కోపం లేదు, పాఠం చెప్పడమూ లేదు.

ఆమె శనివారాలు జైలుకు వెళ్ళేవారు. ఆడవాళ్ళ గదిలో వకీలు లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూసుకోవడానికి. పేదలకు ఉచిత న్యాయం అన్న మాట అప్పుడప్పుడే పేపర్లలో కనబడుతోంది గాని, జైలు గోడ దాటి లోపలికి ఇంకా రాలేదు. అక్కడే మాకు సెల్వి కనబడింది. సత్యవేడు అవతలి పల్లె ఆమెది. మూలన గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరేమి అడిగినా ఊరికే తల ఊపుతోంది. "దీనికి బుర్ర సరిగా లేదమ్మా," అంది వార్డరు.

"నీ అరవంలో పలకరించి సూడు వేదా," అని రూతమ్మగారు నన్ను ముందుకు నెట్టారు. నా పేరు వేదవల్లి. మా ఇంట్లో సగం తెలుగు, సగం అరవం. నేను ఆమె పేరేమిటని అడిగాను. సెల్వి తల ఎత్తింది. ఆ తర్వాత ఆమెను ఆపడం మా తరం కాలేదు.

ఆమె ఊరి ఆసామి ఇంట్లో పాచిపని చేసేది. బడికి పోతున్న కూతుర్ని కూడా పనిలో పెట్టమని ఆయన అన్నాడు. సెల్వి కుదరదంది. గట్టిగా అడిగితే తానూ మానేసింది. ఆ వారంలోనే ఆ ఇంట్లో గొలుసు పోయిందన్నారు, పోలీసులు వచ్చారు. కోర్టు బెయిలు ఇచ్చింది నిజమే. కాని ఆస్తి ఉన్నవాళ్ళు ఇద్దరు పూచీ నిలబడాలంది. ఆ ఊళ్ళో ఆస్తి ఉన్నవాళ్ళంతా ఆసామికి కావలసినవాళ్ళే. అందువల్ల బెయిలు వచ్చిన మనిషి నెలల తరబడి లోపలే ఉండిపోయింది.

జైలు బయటికి వచ్చాక రూతమ్మగారు రోడ్డు పక్కన ఆగారు. "జడ్జి ఇడిసిపెట్టమన్న్యాడు, పేదరికం పట్టుకోని ఉండాది," అన్నారు. అన్నాక గొడుగు విప్పి గబగబా నడిచారు. నేను ఆమె వెంట పరిగెత్తాల్సి వచ్చింది.

సొంత పూచీ మీద వదలమని జిల్లా కోర్టులో అర్జీ వేశారు. ఆ రోజు సెల్విని తీసుకొచ్చారు. జడ్జిగారు మంచివారే గాని జాగ్రత్త మనిషి. "ఇలా వదిలేస్తే ఈమె మళ్ళీ వాయిదాకు వస్తుందని ఏమిటమ్మా నమ్మకం?" అని అడిగారు.

"ఆ మాట ఆమెనే అడిగితే బాగుంటుందయ్యా," అన్నారు రూతమ్మగారు.

నేను అరవంలో అడిగాను. సెల్వి జడ్జిగారి వైపే చూస్తూ జవాబు చెప్పింది. నేను తెలుగు చేశాను. "నా బిడ్డ ఆ ఊరి బడికే పోతుంది. దాన్ని బడి మాన్పించి నేను ఎక్కడికి పారిపోతాను? మాన్పించేదాన్నే అయితే ఈ జైలుకే వచ్చుండేదాన్ని కాదు."

కోర్టులో నేను పలికిన మొదటి మాటలు అవి. నావి కావు, సెల్వివి. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఉత్తర్వు రాశారు. సాయంత్రానికి సెల్వి బస్సెక్కింది. ఆ తర్వాత ఒక్క వాయిదా కూడా తప్పలేదు.

దొంగతనం కేసు ఇంకా నడుస్తుండగానే ఆ కబురు వచ్చింది. పేదవాళ్ళకు న్యాయం అందేలా సేవ చేసినవారికి ఒక పురస్కారం ఇవ్వాలని తిరుపతిలో కొందరు పెద్దలు కలిసి నిర్ణయించారు. మొదటిసారి రూతమ్మగారికే. ఆమె భర్త దానయ్యగారు బడిపంతులు, మెత్తని మనిషి. ఆ ఉత్తరం ఆయనే చదివి వినిపించారు. రూతమ్మగారు లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చారు.

"ఇంకోసారి సదవండి," అన్నారు. ఆయన చదివారు. "ఇంకోసారి," అన్నారు. ఈసారి ఆయన నవ్వుతూ చదివారు.

ఇలాంటివి ఆమెకు పట్టవని నేను అనుకునేదాన్ని. పట్టేవి. కోర్టులో ఆమెను వెనకాల 'ఉచితం వకీలమ్మ' అనేవారు, అది ఆమె చెవిన పడుతూనే ఉండేది. ఎవరో ఒకరు నలుగురి ముందర 'నువ్వు చేసిన పని మంచిది' అనాలని ఆమెకు ఎంత ఉండేదో ఆ వారం రోజులూ చూశాను. ఆకుపచ్చ పట్టుచీర కొన్నారు. నన్ను కూర్చోబెట్టి, "జాకిట్టు ఇదా, ఇదా?" అని అడిగారు. చూపు తగ్గిన తల్లిని పుట్టింటి నుంచి పిలిపించుకున్నారు. "మా అమ్మను ముందు వరసలో కూసోబెట్టాల," అని ఎన్నిసార్లు అన్నారో.

ఆ తర్వాత ఆహ్వాన పత్రిక వచ్చింది. పురస్కారం అందజేసే ముఖ్య అతిథి సెల్వి మీద కేసు పెట్టిన ఆ ఆసామే. సభకు ఆయన ఇచ్చిన విరాళం పెద్దదట.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు వెళ్ళడానికి వీల్లేదు," అన్నాను. దానయ్యగారు, "నీ ఇష్టం రూతూ," అని పక్కకు చూశారు. రూతమ్మగారు పత్రికను మడిచి బల్ల మీద పెట్టారు.

"నీకు కోపం. ఆయనకు మొగమాటం. నాకు ఆశ," అన్నారు. "ముగ్గురమూ ఆ కేసులో లేనోళ్ళమే గదా. ఉన్నామెను అడగాల."

మర్నాడు పొద్దున పుత్తూరు మీదుగా సత్యవేడు వెళ్ళాం. అక్కడి నుంచి నడక. సెల్వి గుడిసె ముందు వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కూతురు పలక మీద ఏదో దిద్దుకుంటోంది. రూతమ్మగారు చాప మీద కూర్చుని, తానూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని ఒలుస్తూ, జరిగిందంతా చెప్పారు. నేను అరవంలో చెబుతూ పోయాను.

"నాకు ఆశ ఉండాది సెల్వీ," అన్నారు. "అదీ సెప్తా ఉండా. నీకాడ దాపరికం ఏంటికి? నువ్వు పొమ్మంటే పోతా, వద్దంటే మానుకుంటా."

సెల్వి తల వంచుకుని ఒలుస్తూనే ఉంది. నాకు నిలకడ లేదు, ఏదో ఒకటి చెప్పి సాయం చేయబోయాను. రూతమ్మగారు నా వైపు చూసిన చూపుకు ఆగిపోయాను. కోళ్ళు తిరుగుతున్నాయి. ఆ పిల్ల పలక తుడిచి మళ్ళీ రాసుకుంది. అప్పుడు సెల్వి మాట్లాడింది.

"మీ మర్యాద నా వల్ల పోవడం నాకు ఇష్టం లేదమ్మా. కాని కుప్పమ్మవ్వ ఉంది. గొలుసు పోయిందన్న రోజు పొద్దంతా నాతో వేరేవాళ్ళ చేలో ఉన్నది ఆమె ఒక్కతే. సాక్ష్యం చెబుతానంది. ఆమె కూలికి పోయేది ఆయన చేలోకే. మీ పక్కన నిలబడి శాలువా కప్పిన ఫోటో ఆయన ఇంటి ముందర వేలాడదీస్తాడు. అవ్వ రోజూ ఆ దారినే పోవాలి. వకీలమ్మే ఆయన పక్కన ఉంటే నాకెందుకు అనుకుంటుంది."

"సరే. బాగా సెప్పినావు," అన్నారు రూతమ్మగారు. ఒలిచిన గింజలు పిల్ల చేతిలో పోసి లేచారు.

తిరుగు ప్రయాణంలో పుత్తూరు దాటాక ఆమె తనలో తానే, "అమ్మకు ఏం సెప్పాలబ్బా," అన్నారు.

ఆమె ఒక్కసారిగా కాదనలేదు. ఇంకెవరి చేత ఇప్పించినా తీసుకుంటానని, ఏ బడిపిల్ల ఇచ్చినా సంతోషమేనని పురస్కారం పెట్టిన పెద్దలకు రాశారు. వాళ్ళ తరఫున ఒక పెద్దమనిషి ఇంటికే వచ్చాడు. పత్రికలు పంచేశామని, దాత మనసు నొచ్చుకుంటుందని చెప్పాడు. "ఒక్క నిమిషం పనమ్మా. కప్పించుకుని దిగిపోండి," అన్నాడు.

"ఆ నిమిషం మీకు దాటిపోతాదప్పా. ఇంకొకామెకు దాటదు," అని, కాఫీ ఇచ్చి పంపారు.

సభ రోజున నేను వెళ్ళేసరికి ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుని, దాని మీద నల్లకోటు తొడుక్కుని ఉన్నారు. దానయ్యగారి ఆలోచన అది. కొన్న చీర పెట్టెలో పెట్టకూడదని, అందర్నీ బజారులోని ఫోటో స్టూడియోకు తీసుకెళ్ళారు. తల్లిని నడుమ కూర్చోబెట్టాం. ఆ లైట్ల వైపు కళ్ళు చికిలించి చూస్తూ, "ఈడేనా సభ?" అని అడిగిందామె.

"సభ ల్యామ్మా," అన్నారు రూతమ్మగారు. "నేనే వద్దన్న్యాను. ఊరికే ఫోటో తీసుకుంటా ఉండాము."

"అదీ మేలే," అంది ముసలామె. "సభలో అయితే నిన్నొక్కదాన్నే తీస్తారు."

ఇంటికొచ్చి చీర మడత పెడుతున్నప్పుడు రూతమ్మగారు ఏడ్చారు. నేను చూశానని తెలిసి కళ్ళు తుడుచుకుని, "ఏమీ ల్యా వేదా. ఆశ పడినాను గదా, అంతే," అన్నారు. ఆమె మీద నాకు గౌరవం ముందు నుంచీ ఉంది. ప్రేమ కలిగింది మాత్రం ఆ రోజే.

కుప్పమ్మవ్వ వచ్చింది. బోనులో కొయ్యను రెండు చేతులా పట్టుకుని, "ఆ పొద్దంతా సెల్వి నా పక్కనే ఉండె. చెనక్కాయ పెరికినాము," అని చెప్పింది. ఎదుటి వకీలు ఎగతాళిగా, "నువ్వు ఎవరి కూలికి పోతావు?" అన్నాడు.

"ఆయన కూలికే," అంది అవ్వ. "కూలికి పోతే కండ్లు కూడా ఇచ్చేసినట్టా?"

కేసు కొట్టేశారు. ఆసామి ఆ తర్వాత కూడా సభలకు పోతూనే ఉన్నాడు, శాలువాలు కప్పుతూనే ఉన్నాడు. అవ్వను మళ్ళీ తన చేలోకి పిలవలేదు. సెల్వి ఆమెను వెంటబెట్టుకుని పక్క ఊరికి కూలికి పోయేది. సెల్వి కూతురు పది పూర్తి చేసి, బాలవాడిలో టీచరైంది. రూతమ్మగారికి ఆ తర్వాత ఏ పురస్కారమూ రాలేదు. మాట వినని మనిషని పేరు పడింది.

ఆమె చివరి రోజుల్లో ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఆ సంగతి తలుచుకుంటే ఎప్పుడైనా బాధ కలుగుతుందా అని. "ఏంటికి కలగదు?" అని నవ్వారు. "ఆ శాలువా ఏం రంగో కూడా సూడలేదు గదా."

నా భుజాల మీద ఈ ఏళ్ళలో కొన్ని శాలువాలు పడ్డాయి. నేను తీసుకున్నాను, సంతోషంగానే. కాని ఒక కేసులో రాజీకి ఒప్పుకోవాలన్నా, పేపరువాళ్ళతో మాట్లాడాలన్నా, చివరికి ఎవరి పక్కనైనా వేదిక మీద కూర్చోవాలన్నా, ఆ కేసు ఎవరిదో వాళ్ళ ఇంటికి వెళ్ళివస్తాను. మొన్న నగరి దగ్గర ఒక నేతపని చేసుకునే ఆమె దగ్గరికి అలాగే వెళ్ళాను. నాకు ఏది సులువో, ఏది ఇష్టమో దాచకుండా చెప్పాను. చెప్పాక ఊరుకోవడం నాకు ఈ వయసులో కూడా కష్టమే. చట్టం చదివిన నోరు ఊరికే ఉండదు. దాన్ని మూసుకుని, ఆమె ముఖం వైపు చూడకుండా, ఆమె చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను, ఆమె తనంతట తాను మొదలుపెట్టేదాకా.