ఫిల్తీకి నా ఉదాహరణ

కుప్పంలో మా బడి పిల్లలకు ఫిల్తీ అన్న మాట చెప్పాల్సి వచ్చినప్పుడు గైడు పక్కన పెట్టేస్తాను. అందులో పందుల దొడ్డి ఉదాహరణ ఉంటుంది. నా దగ్గర అంతకన్నా మంచిది ఉంది. అది మా అమ్మ నాతో చెప్పించింది.

అమ్మ మదనపల్లె టమోటా మండీలో కాయలు ఏరేది. పచ్చివి ఒక పక్క, పండినవి ఒక పక్క, చితికినవి అవతలికి. సాయంత్రానికి చీర కుచ్చిళ్ళు రసంతో తడిసి, బురద పట్టి అట్టలు కట్టేవి. నేను ఆ ఊళ్ళోనే ఇంటర్ చదివేదాన్ని. ఇద్దరం ఒకే బస్సులో పుంగనూరుకు తిరిగొచ్చేవాళ్ళం.

ఒకరోజు బస్సు కిటకిటలాడుతోంది. అమ్మకు సీటు దొరికింది, నేను పక్కనే నిలబడ్డాను. ఇస్త్రీ చీర కట్టుకున్న ఒకావిడ అమ్మ పక్కన కూర్చుంది. కూర్చున్నదల్లా లేచి ముక్కు మూసుకుని, "ఫిల్తీ!" అంది. ఈమెను లేపి వెనక్కి పంపమని కండక్టరును పిలిచింది. నాకు ఒళ్ళు మండింది.

కండక్టరు నసిగాడు. "అమ్మా, రవంత వెనక్కి పోరాదా?"

"యాల పోవల్ల? నేను టికెట్టు తీసుకోలేదా?" అని అమ్మ నా వైపు తిరిగింది. "ఏమే, ఏమనింది ఆయమ్మ?"

ఆ మాట మా కాలేజీలో అప్పటికే చెప్పి ఉన్నారు. దాచకుండా చెప్పేశాను. "ఉత్త మురికి కాదమ్మా. సూస్తేనే కడుపులో తిప్పేంత మురికి అని."

అమ్మ చేతులు చూసుకుంది, చీర చూసుకుంది. "మురికంటే ఒప్పుకుంటా. పొద్దన్నుంచి టమోటాల్లో ఉంటే మల్లెపూల వాసన వస్తాదా? కడుపులో తిప్పేదానికి నేనేం చేసినానంట? ఆయమ్మ భాషలోనే చెప్పు. నిన్ను చదివిస్తాండేది దేనికి?"

బస్సంతా నన్నే చూస్తోంది. అంతవరకు నా ఇంగ్లీషు పరీక్ష కాగితం దాటి ఎరగదు. కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

"షీ ఈజ్ మై మదర్. షీ ఈజ్ నాట్ ఫిల్తీ. షీ ఈజ్ కమింగ్ ఫ్రమ్ వర్క్."

ఆవిడ ముందుకు పోయి నిలబడింది. కండక్టరు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అమ్మ ఖాళీ సీటు తట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేనన్నదాంట్లో అమ్మ పట్టుకుంది ఒక్క మాటే.

"మదర్ అంటే నేనే కదా?"

"నువ్వేనమ్మా."

"మళ్ళా చెప్పు. గట్టిగా చెప్పు, వెనకుండేవాళ్ళకి వినపడల్ల."

చెప్పాను. ఈసారి వెనక సీట్ల దాకా వినపడింది. మా అమ్మ కూతురినని అంత గర్వంగా అంతకుముందెప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు బోర్డు మీద ఆ మూడు వాక్యాలే రాస్తాను. మా పిల్లల్లో చాలామంది తల్లులు సాయంత్రం మట్టికాళ్ళతోనే ఇంటికొస్తారు. నాట్ కింద గీత గీసి, అందరి చేతా గట్టిగా చదివిస్తాను, వెనక బెంచీలకు వినపడేలా.