ఎనిమిదో నిమిషంలో ఆగిన ఇంటర్వ్యూ

మా పక్క క్వార్టర్‌లో ఉండే, నేను కాకా అని పిలిచే పెద్దాయన పోయిన సోమవారం పొద్దున చనిపోయాడు. ఆయాసమని దవాఖానలో చేర్చిన రెండో రోజే. మా నాన్న డ్యూటీ మధ్యలో వదిలి వచ్చాడు. కాలనీవాళ్లంతా నన్నే ఓదార్చారు, నిన్ను సొంత బిడ్డలా చూసుకున్నాడు కదా అని. నిజమే, చూసుకున్నాడు. మూడు రోజులు వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ తర్వాత మానేశాను, ఎందుకో మీకు చెప్పాలి.

ఆయన గోదావరిఖనిలో బొగ్గుబావిలో ఓవర్‌మన్‌గా, అంటే మనుషుల చేత పని చేయించే ఉద్యోగంలో, రిటైరయ్యాడు. రెండేళ్ల కింద హైదరాబాద్ కంపెనీ ఒకటి నన్ను వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేస్తామంది. మా ఇంట్లో ఫోన్ సిగ్నలే సరిగా అందదు. కాక మాత్రం క్రికెట్ కోసం నెట్ పెట్టించుకున్నాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, మా ఇంట్ల కూసో" అన్నాడు.

రోజూ సాయంత్రం రిహార్సల్. కాక భార్యను చిన్నమ్మ అంటాను; ఆమె నీలం దుప్పటిని వెనక గోడకు కట్టాడు. కెమెరా కళ్ల ఎత్తుకు రావాలని నా లాప్‌టాప్‌ను బియ్యం డబ్బా ఎక్కించాడు. తను వంటింట్లో కూర్చుని ఫోన్లోంచి, ఆఫీసరు గొంతు తెచ్చిపెట్టుకుని, మీ గురించి చెప్పండి అనేవాడు. చిన్నమ్మ పోపు వేస్తే ఆఫీసరుగారు తుమ్మేవారు. నాకు నవ్వు ఆగేది కాదు.

ప్రశ్న పూర్తికాకముందే జవాబిచ్చే తొందర నాది. దానికి ఆయన బావి సంగతి చెప్పాడు. లోపల కొత్త చోటికి వెళ్లేముందు కర్రతో పైకప్పు తట్టి చూస్తారట. బోలుగా మోగితే ఆగిపోవాలట. "సప్పుడు ఇనకుంట అడుగు పెట్టేటోడు బావిల బతుకడు. ప్రశ్న మొత్తం ఇను, ఊపిరి తీస్కో, అప్పుడు మాట్లాడు." ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఇంటర్వ్యూ రోజు, తను ఎవరికీ కనబడకపోయినా, గడ్డం గీసుకుని తెల్లచొక్కా వేసుకున్నాడు. నేను బాగానే మాట్లాడాను. ఎనిమిదో నిమిషంలో, ఎప్పుడు చేరగలవని వాళ్లు అడుగుతుండగా తెర ఆగిపోయింది. నెట్ మళ్లీ వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు. తర్వాత ఎన్ని మెయిళ్లు పెట్టినా ఆ ఉద్యోగం నాకు దక్కలేదు.

కాక నా ముందే కేబుల్ అతనికి ఫోన్ చేసి నానా తిట్లు తిట్టాడు. పాపం, అతను పరుగున వచ్చి, లైన్‌లో ఏ లోపమూ లేదని మొత్తుకున్నాడు. కాక నాకు చాయ్ చేతికిచ్చి, పోనీ తియ్యి, మనకు బావి నౌకరి ఉన్నది కదా అన్నాడు.

అప్పటికి మా నాన్న, బావి పని ఇక తన వల్ల కాదని దరఖాస్తు పెట్టుకుని ఉన్నాడు. నిజంగానే పని చేయలేడని డాక్టర్లు ఒప్పుకుంటే ఆ ఉద్యోగం పిల్లలకొస్తుంది. మా అమ్మానాన్నలకున్నది నేనొక్కదాన్నే. నాలుగు నెలలకు డాక్టర్లు నాన్న పని చేయగలడన్నారు. నాన్న ఇప్పటికీ మోకాళ్లు పట్టుకుని బావిలోకి దిగుతున్నాడు. నేను ట్యూషన్లు చెబుతున్నాను.

మూడో రోజు పోయినాయన పేరున పిట్టకు అన్నం పెట్టి వచ్చాక, అందరూ కాక నాకు చేసిన మేలు చెప్పుకుంటుంటే చిన్నమ్మ తట్టుకోలేకపోయింది. నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది.

"ఎప్పుడు చేరుతవని వాళ్లు అడుగంగనే మీ కాకనే వైరు పీకిండు బిడ్డా. నువ్వు పట్నం పోతే మీ నాయన నౌకరి ఎవ్వలకు కాకుంట పోతదన్నడు. నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత పని చేశావు కాకా! నా బతుకు గురించి నన్నొక్క మాట అడగొద్దా? పైగా ఆ కేబుల్ అతన్ని తిట్టడం ఒకటి. నా మంచికే చేశాడని చిన్నమ్మ అంటోంది. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదని అమ్మ అంటోంది. నేను ఉంచుకున్నాను.

నిన్న ఇంకో ఇంటర్వ్యూ జరిగింది. బాగా సిగ్నల్ ఉందని స్నేహితురాలి ఇంట్లో కూర్చున్నాను. చివర్లో అందులో ఉన్న మేడం, ఇంత నిదానంగా మాట్లాడటం ఎవరు నేర్పారమ్మా అని అడిగింది. ప్రశ్న మొత్తం విన్నాను. ఊపిరి తీసుకున్నాను. మా పక్కింటి కాక అన్నాను. ఆపైన ఒక్క మాటా రాలేదు. కదిలితే ఏడుపు బయటపడుతుందని, రెప్ప కూడా వేయకుండా కెమెరానే చూస్తూ కూర్చున్నాను.

మేడం కాసేపు చూసి, పక్కనున్న ఆయన వైపు తిరిగింది.

"అయ్యో, లైన్ పోయినట్టుందండీ."